నల్లకోటలో ఎవరూ మిగల్లేదు

ఆఁ, చంపండి, చంపండి! ఇంకెవరు మిగిలారని? పాలవాడున్నాడేమో చూడండి!

నేనిక్కడ గొంతు చించుకుంటుంటే ఆ కిటికీలోంచి ఏం చూస్తున్నారు? ఏమిటీ? సింహాసనం మీద ఎవర్ని కూర్చోబెట్టాలో తోచడం లేదా? తోచదు మరి! మీరు నల్లకోట కథ మొదలుపెట్టినప్పుడు రాజులూ, సేనాపతులూ, మంత్రులూ, కోటంతా కిటకిటలాడేది. చివరి భాగానికొచ్చేసరికి ఒక ముసలిరాజు, ఒక రాణి, ఓ గుర్రం. ఇలా ఒక్కొక్కణ్ణీ నరుక్కుంటూ పోతే ఆ గుర్రానికే పట్టాభిషేకం చెయ్యాలి.

అసలిదేం పద్ధతండీ? కోపమొస్తే మనిషన్నవాడు నాలుగు తిడతాడు. మీరు నోరు విప్పరు. నవ్వుతూ కాఫీ తాగి, గదిలోకెళ్ళి తలుపేసుకుని, ఆ మనిషిని కథలో చంపేస్తారు. మేడమీదాయన పంపు కట్టెయ్యలేదని విషం పెట్టించారు. మా అన్నయ్య మీ గురక మీద జోకేశాడని ఏనుగుచేత తొక్కించారు. పేర్లు మారిస్తే సరిపోయిందా? ఆ బట్టతలా, ఆ సకిలింపు నవ్వూ, అన్నీ దించేస్తారే!

సరే, వాళ్ళంటే పోయారు. మీ తమ్ముడేం చేశాడు?

ఊఁ, మొహం తిప్పుకోకండి. ఎవరూ ముట్టుకోని మీ మొదటి భాగాన్ని తన ప్రెస్సులో అచ్చేసిందెవరు? ఆ కట్టలు భుజానేసుకుని కొట్టుకొట్టుకీ తిరిగిందెవరు? అంత చేసినవాడు రెండో భాగం చదివి, "అన్నయ్యా, యుద్ధం అదిరింది గానీ మధ్యలో కాస్త కునుకు పట్టింది" అన్నాడు. అంతే! మూడో భాగంలో రాజుగారి తమ్ముడి తల కోటగుమ్మానికి వేలాడింది.

పైగా ఆ మూడో భాగం అచ్చుకి ఎవరికిచ్చారు? అతనికే! సిగ్గుండాలండీ. తన చావుని తనే అక్షరం అక్షరం దిద్దుకుని, ఒక్క తప్పు లేకుండా అచ్చేసి పంపించాడు పిచ్చివాడు. ఆ తరవాత మనింటి గడప తొక్కలేదు.

అధికారమట, కుట్రలట! ఏం రాజ్యమండీ మనది? రెండు గదులూ, ఒక వంటిల్లూ. మీ కథలో రాణి రోజంతా మేడమీద కూర్చుని ఏడుస్తుంది. నాకు ఏడవడానికి తీరికెక్కడిది, పొద్దున్న లేస్తే అంట్లు!

ఏమిటా చూపు? నిద్రలో మీరు "చిన్నోడా" అని కలవరించడం నేను వినలేదనుకున్నారా?

అందుకే... ఓ పని చేశాను. అరవకండి. నిన్న మరిదికి ఫోన్ చేశాను. "మీ అన్నయ్య చివరి భాగంలో నిన్ను బతికించాడయ్యా. ఆ వేలాడిన తల నీది కాదట, ఇంకెవడిదోనట. సింహాసనం నీకేనట" అన్నాను. "నిజమా వదినా?" అన్నాడు. రేపే బయల్దేరి వస్తానన్నాడు.

వచ్చాడు. ముందుగదిలో కూర్చున్నాడు. ఆ పేజీ ఒక్కసారి చూస్తానంటున్నాడు.

అవును, అబద్ధమే ఆడాను. ఏం చేస్తారు, నన్నూ చంపేస్తారా? చంపుకోండి. ముందు ఆ పేజీ రాయండి. అది చేతకాకపోతే లేచి బయటికి రండి. పేజీ అని అడుగుతున్నాడు గానీ, వచ్చినప్పట్నించీ అతను చూస్తున్నది ఈ తలుపు వంకే.