భుజం మీది గాట్లు

తుమ్మచెట్టు నీడలో సార్జెంటు రెండు గ్లాసుల్లో టీ పోశాడు. జీతం లేకుండా ఊరి కాపలాకు చేరిన యువకుడు తన తుపాకిని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మానేస్తున్నాను, అఫాండే," అన్నాడు, పై అధికారిని పిలిచే మాటతో.

"జీతం లేదనా? పైవాళ్లకు మళ్లీ రాస్తాలే, తమ్ముడూ."

"అది కాదు. మీరు కొత్తగా చేర్చుకున్న ఆ కొండ అవతలివాడి కుడి భుజం చూశారా?"

"చూశాను. మనిషిని చంపినవాడికి పెట్టే గాట్లే. పశువుల్ని కొల్లగొట్టిన రోజుల్లోవి. ప్రభుత్వం క్షమించేసింది. వాడికి తెలిసినన్ని దొంగదారులు ఇంకెవరికి తెలుసు?"

"నిన్న కాపలాలో, ఎక్కడ సంపాదించావురా ఈ గాట్లు అని నవ్వుతూ అడిగాను. తుర్క్వెల్ వాగు దగ్గర, చారల కోడెను పట్టుకుని వదలని ఒక మొండివాణ్ణి పొడిచానన్నాడు."

సార్జెంటు గ్లాసు కింద పెట్టాడు.

"మీ ఎకిరు..."

"మా అన్నే. ఆ కోడె మాదే."

"నువ్వు ఎకిరు తమ్ముడివని వాడికి తెలుసా?"

"తెలీదు. తన సీసాలో నీళ్లు నాకు తాగించి మరీ చెప్పాడు, వెధవ."

"వాణ్ణి వేరే ఠాణాకు పంపించేస్తాను. నువ్వు మాత్రం మానకు. నిన్ను చూసి మిగతావాళ్లూ పోతారు."

"పంపకండి. ఇక్కడే ఉండనివ్వండి."

"మరి తుపాకి ఎందుకు తిరిగిస్తున్నావు?"

"ఊరిని కాస్తానని ప్రమాణం చేసి తీసుకున్నాను, అఫాండే. దీనితో వాణ్ణి కాల్చను. అన్న బల్లెం ఇంట్లో ఉంది. దాని మీద నేను ఏ ప్రమాణమూ చేయలేదు."