బాపు నంబర్

ఫారంలో ఉన్న తండ్రి నంబర్‌కు మేడం ఫోన్ కలిపింది. అది ఎదురుగా కూర్చున్న డిగ్రీ పిల్ల సంచిలోనే మోగింది. పిల్ల గబుక్కున సంచిని అదిమి పట్టుకుంది.

“మీ బాపు సంచిల పండిండా బిడ్డా?”

“తప్పైంది మేడం. యూనివర్సిటీ ఫారంల బాపు నంబర్ కాడ నాదే రాసిన.”

“ఎందుకు?”

“ఒక్క సబ్జెక్ట్ పోయినా చదువు బంద్ జేసి ఇంట్ల మగ్గానికి నూలు కండెలు చుట్టుమంటడు. నాకు రెండు పోయినయ్. ఇంగ్లీషుల చెప్తే సమజైతలేదు.”

“మరి అడగకపోతివి?”

“భయమైంది మేడం.”

“రేపటి సంది నాలుగింటికి తెలుగుల మళ్ల చెప్త. నువ్వు ఆఖరి బస్సుకు పోవుడైతది. గది మీ బాపుకు చెప్పాలె గదా. అసలు నంబర్ చెప్పు.”

“ఫెయిలైన ముచ్చట?”

“మీ బాపు అడిగితే నేనైతే అబద్ధమాడ.”

పిల్ల తొమ్మిది అంకెలు చెప్పింది. పదోదాని దగ్గర ఆగింది.

“ఆఖరిదేంది బిడ్డా?”

“ఏడు,” అంది పిల్ల, కళ్లు గట్టిగా మూసుకుని.