మందు కలిపే చెయ్యి

(పత్తిచేను పక్కన రేకుల షెడ్డు. ఆడవాళ్ల వ్యవసాయ శిక్షణకు పేర్లు రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగిని, ఆ చేను చేసుకునే పెద్దావిడ.)

"నన్నొదిలెయ్యమ్మా. ఈ వయసులో నాకు బడేంటి?"

"బడి కాదు పెద్దమ్మా, ఒక్క పూట. పురుగుమందు ఎలా కలపాలో చూపిస్తాం. భోజనం కూడా పెడతాం."

"నీ భోజనానికి నా మోకాళ్లు లేస్తాయా?"

"బండి పంపిస్తాం. ఇంకో సాకు చెప్పండి."

"మా వాణ్ణి పిలువు. మందు కొట్టేది వాడేగా."

"కొట్టేది ఆయన. నీళ్లు మోసేదెవరు? మందు కలిపేదెవరు?"

"నేనే."

"మరి? మీకు కుదరకపోతే మీ కోడల్ని పంపండి. పోయినేడు వచ్చింది, రిజిస్టర్లో ఉంది."

"అది లేదు."

"పుట్టింటికెళ్లిందా?"

"లేదంటే లేదమ్మా. పోయింది. మీ క్లాసు అయిన వారానికే."

"అయ్యో! ఏమైంది?"

"ఏమవుతుంది... ఎండ. పొద్దున మందు కలిపింది. మధ్యాహ్నానికి కళ్లు మసకలన్నది. నోట నురగ. ఆసుపత్రి గేటు దాకా కూడా..."

"దేంతో కలిపింది?"

"దేంతో అంటే?"

"కర్రతోనా, చేత్తోనా?"

"చేత్తోనే. మోచేతి దాకా పెట్టి. కర్రతో తిప్పితే అడుగున ఉండలు ఉండిపోతాయి, చేతికైతే తెలుస్తాయి. కాపురానికొచ్చిన కొత్తలో నేనే నేర్పాను."

"కానీ క్లాసు రోజు పొద్దుటి నుంచీ మేం చెప్పింది అదే కదా! చెయ్యి పెట్టొద్దు, గాటుంటే అసలే వద్దు అని. విని కూడా ఎందుకు పెట్టింది?"

"మంచినీళ్లు తాగుతావా?"

"వద్దు. విని కూడా..."

"ఆ పుస్తకం మూసెయ్యమ్మా, దుమ్ము పడుతుంది."

"ఆగండి. మీ కోడలు చదువుకోలేదా?"

"ఎందుకు చదువుకోలేదు! ఏడు దాకా చదివింది. సంతకం పెట్టమంటే కింద గీత కూడా గీసేది, పెద్ద ఆఫీసరులా."

"మరి ఆమె పేరు పక్కన వేలిముద్ర ఉందేంటి?"

"ఏదీ, చూడనియ్యి."

"ఎవరిది పెద్దమ్మా ఇది?"

"ఇంటికొకరే రావాలన్నారు మీవాళ్లు. అది జడేసుకుని గుమ్మంలో నిలబడింది. కలుపెవరు తీస్తారే, నాకు నడుం పట్టేసింది, నేనెళ్లి కాసేపు నీడన కూర్చుంటా, అన్నీ విని నీకు చెబుతాలే అన్నాను. దాని పేరు మీద నేను కూర్చున్నాను."

"కూర్చుని నిద్రపోయారా?"

"ఒక్క ముక్క వదల్లేదు."

"ఇప్పుడు మీరు దేంతో కలుపుతున్నారు?"

"చేత్తోనే."

"పెద్దమ్మా!"

"చెయ్యి పెట్టానంటే చాలు, పక్కన దాని గాజులు డ్రమ్ముకి తగిలిన చప్పుడు. మా వాడికి వినబడదు. సాయంత్రమైతే కాళ్లు కడుక్కొచ్చి నా పక్కన కూర్చుంటుంది. రోజూ ఒకటే అడుగుతుంది."

"ఏమని?"

"ఆ రోజు అడిగిందే. ఏం చెప్పారత్తమ్మా అని."

"ఆ రోజు మీరేం చెప్పారు?"

"ఎనిమిదేళ్లు దానిచేత చేత్తోనే కలిపించాను కదమ్మా, తప్పని ఏ నోటితో చెప్పను? మనకు తెలియనిదేమీ లేదే అన్నాను."