దాలమ్మ నోట్లో నిప్పు

దాలమ్మని ఒక మనిషుండీదంట, మన రేవు అవతలి పేటలో. చేపల తట్ట నెత్తినెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగీది. అడ్డపొగ తాగీది. పట్నం నుంచొచ్చినోళ్ళు, మీకు తెలీదు గావాల, చెప్తానుండండి. చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఉత్త కొస బయటకి పెడతారు. అవును, నిప్పు లోపలికే. సముద్రపు గాలికి ఆరదు, తుంపర పడినా తడవదు, రెండు చేతులూ కాళీగా ఉంటాయి. మా పేటల్లో పెద్దాడోళ్ళు అలాగే తాగీవోరు. నాలిక కాలదా అంటే, కాలదు, అదొక అలవాటు. కాని ఒకటుంది, నోట్లో నిప్పున్నోళ్ళు నోరు తెరిచి మాటాడలేరు కదేటి. పళ్ళ సందుల్లోంచి ఊఁ అనాలి, ఉహూఁ అనాలి, అంతే. అందుకే, దాలమ్మెంత మంచిదో, ఒక్క మాట తూలదు అనీవోరు ఊరంతా.

అలాగ ఏళ్ళూ పూళ్ళూ గడిచిపోనాయి. ఏమైందంటే, ఒకనాడు అన్నం తింటుంటే అంగిలి మంటెత్తిందంట. కోడలు చిన్నమ్మి, ఆ పిల్లకి ప్రతీదీ ఎందుకు, ఎందుకని అడిగీ గుణం, అత్త నోరు తెరిపించి చూసింది. అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్యన ఎర్రటి చుక్కలు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి, ఇది ఇంకా ముదరలేదమ్మా, మానేస్తే తగ్గొచ్చు, మానకపోతే మాత్రం కేన్సరయ్యేలాగుంది అందంట. నమిలే బిళ్ళలిచ్చింది. పొగ మీదకి మనసు పోయినప్పుడు ఒకటి కాసేపు నమిలి, బుగ్గకి అదుముకుని ఉంచుకో అంది. దాలమ్మకి బతకాలనుంది. ఎందుకుండదు, చిన్నమ్మికి నెలలు నిండుతున్నాయి, పుట్టబోయే పిల్లని ఎత్తుకోవాలి కదా. సరేనంది.

ఇక్కడే ఉంది చిత్రం. పొద్దున్న లేచి బిళ్ళ నమిలీది. తట్టెత్తుకుని ఊళ్ళు తిరిగీది. పక్కన తోటివోళ్ళు పొగ వదులుతున్నా అటు తిరిగి చూసీది కాదు. సాయంత్రం దాకా బాగానే ఉండీది. మొగుడు తాతారావు తెప్ప ఒడ్డుకి లాగి, ఇంటికొచ్చి అన్నానికి కూకున్నాడనుకో, అంతే. బిళ్ళ ఉమ్మేసి, రొంటిన దోపుకున్న చుట్ట తీసి, ముట్టించి నోట్లో పెట్టేసీది. రోజూ అదే. పోనీ ఆడేమైనా చెడ్డోడా అంటే కాదు. కొట్టీవోడు కాదు, తిట్టీవోడు కాదు, ఇన్నేళ్ళూ ఆవిడ ముందర తలొంచుకునే తినీవోడు. మానీయే దాలీ అని బతిమాలీవోడు కూడాను. మరి ఆడొస్తేనే ఎందుకు ముట్టిస్తాది? పేటలో తలో మాటా అన్నారు. ఆడి ఒంటి మీది చేపల కంపుకి అన్నారొకరు. ఆవిడ అమ్మీది మల్లిపూలేటి? మొగుడంటే సిగ్గు అన్నారింకొకరు. ఈ వయసులో సిగ్గేటో. చిన్నమ్మికి మాత్రం ఉండబట్టలేదు. ఇద్దరూ చేపలు కడుగుతుంటే, అత్తా, మావొస్తేనే ఎందుకు ముట్టిస్తావు అని అడిగేసింది. దాలమ్మ బిళ్ళని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని, నోరు కాళీగా ఉంటే మాటొచ్చేస్తాదే అంది. ఏ మాటత్తా? మా తమ్ముడి మాట.

అసిరయ్యని తమ్ముడుండీవోడంట దాలమ్మకి. ఈవిడ పెళ్ళైన కొత్తల్లో బావ తాతారావుతో తెప్పెక్కి వేటకెళ్ళేడు. గాలి తిరిగింది, తెప్ప బోల్తాపడింది, బావొక్కడే ఈదుకొచ్చేడు. అసిరయ్య రాలేదు. ఆ పొద్దు ఏం జరిగిందో మీ మావని అడగాలనుంటాదే, అడిగితే ఏటి చెప్తాడోనని భయం, ఆ భయానికే నిప్పెట్టి నోరు మూసీసినాను అంది దాలమ్మ. చిన్నమ్మి చేతిలో చేప పక్కనెట్టింది. అడక్కపోతే చచ్చిపోతావు కదత్తా అంది. మెల్లగానే అంది.

ఆ సాయంత్రం తాతారావొచ్చి కూకున్నాడు. దాలమ్మ చుట్ట తీసింది, అగ్గిపెట్టె తీసింది. ముట్టించలేదంట. ఆ పొద్దు మా అసిరయ్య తనే వస్తానన్నాడా, నువ్వు రమ్మన్నావా అనడిగింది. తాతారావు చేతిలో ముద్ద కంచంలో పెట్టీసేడు. గాలి బాగోలేదు బావా, నాను రానన్నాడు, వల లాగడానికి మనిషి తక్కువైతే నానే లాక్కెళ్ళేను అన్నాడు. నువ్వు అడుగుతావేమోనని ఇన్నేళ్ళూ చూస్తన్నాను దాలీ, అడక్కుండా చెప్పడానికి నాకు నోరు రాలేదు అని ఏడ్చీసేడు. దాలమ్మా ఏడ్చింది. గొంతు చించుకుని, పేటంతా వినబడేలాగ, తమ్ముడు పోయిననాడు ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడేడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆ చుట్ట తీసి మొగుడి చేతిలో పెట్టింది. ఇంద, ఇకనుంచి నువ్వు నోరు మూసుకుని కూకో, నాను మాటాడతాను అందంట.

మాటాడింది నాయినా, ఇప్పటికీ మాటాడతానే ఉంది. అసిరయ్య చిన్నప్పుడు బతికున్న పీతని చొక్కాజేబులో వేసుకుని బడికెళ్ళిన కాణ్ణుంచి మొదలెడతాది. తాతారావు వల బాగుచేసుకుంటూ వింటాడు. ఆ చుట్ట ఆడి చెవి మీదే ఉంది, ముట్టించినోడు లేడు. డాక్టరమ్మ బిళ్ళలు ఇంకా కొన్నాళ్ళు నమిలి, తరవాత అవీ మానేసింది. అంగిలి మంట తగ్గింది, చిన్నమ్మి కూతుర్ని ఎత్తుకుని తిరుగుతంది. మరి మాన్పించింది బిళ్ళా, మాటా అంటే, డాక్టరమ్మ బిళ్ళంటాది, చిన్నమ్మి మాటంటాది. పేటలోవోళ్ళనడిగితే, ఇంత నోరుందని ముందే తెలిస్తే మాన్పించకపోదుం అంటారు. తాతారావు మాత్రం ఆ మాట ఒక్కనాడూ అనలేదు.