చెల్లెలి గౌనుకి వేసిన కుట్లు

ఆ గౌను అలా కుర్చీ మీద పడేసి, ముందు ఇలా ఈ అమ్మమ్మ దగ్గరికొచ్చి కూర్చోవే. బిగించడానికేముంది, ఐదు నిమిషాల పని. మా చెల్లెలి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? మీ అమ్మ పుట్టకముందే పోయిందిలే. జ్వరమొచ్చి పోయిందని చెబుతుంటాం అందరికీ. జ్వరమూ కాదు, పాడూ కాదు.

ఎవరో దాన్ని బొద్దుగా ఉన్నావన్నారట. నవ్వేసిందనే అనుకున్నాం. ఆ తర్వాత కంచం ముందు కూర్చుని కెలికేది, లేచిపోయేది. 'కుట్టు మిషను దగ్గరే తిన్నానక్కా' అనేది. మిషను దగ్గర దారం ముక్కలు తప్ప ఏముంటాయి చెప్పు? మా అమ్మేమో, 'ఆకలేస్తే అదే తింటుందిలే.' మా నాన్నేమో, 'పొగరు, పట్టించుకోకండి.' ఆయనకి అన్నీ పొగరే, పిల్లి పాలు తాగకపోయినా పొగరే. ఆ... ఏం చెబుతున్నాను?

నెలకోసారి నా దగ్గరికొచ్చేది. 'అక్కా, గౌను లూజైంది, కుట్టు కాస్త లోపలికి వేయవూ.' వేసేదాన్ని. నా చేతి కుట్టు నీకు తెలుసుగా, విప్పి మళ్ళీ వేశానంటే ఎవరూ నమ్మరు. బట్ట ఒంటికి అతికినట్టుంటే లోపల మనిషి తగ్గిపోతోందని ఎవరికి తెలుస్తుంది? టేపు నా మెడలోనే ఉంది. అంకెలు నాకొక్కదానికే తెలుసు. మండుటెండల్లో స్వెట్టరు వేసుకునేది. దువ్వెన నిండా జుట్టు. నెలసరి ఆగిపోయిందని నా చెవిలో చెప్పి, అమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. వేశాను. దాన్ని కాపాడుతున్నాననే అనుకున్నానే.

ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీ చేస్తూ చేస్తూ కూలబడింది. డాక్టరమ్మ నాడి చూసి, 'ఇది పొగరు కాదమ్మా, జబ్బు. తిండి పడకపోతే ఒళ్ళు తన కండనే తినేస్తుంది. గుండె కూడా కండే కదా. ఆరు నెలల ముందు తీసుకురావలసింది' అంది. నేను మొదటి కుట్టు వేసింది సరిగ్గా అప్పుడే. మూడో రోజున పోయింది. తర్వాత ఆ గౌను కుట్లన్నీ విప్పి చూశాను. లోపల ఎంత బట్ట మడిచి పెట్టానో, నా రెండు చేతులూ నిండిపోయాయి.

అలా తల దించుకోకు. నువ్వు గౌను బిగించమనడం ఇది మూడోసారి. నిన్న కాలేజీలోనే తిన్నానన్నావు, మొన్నా అదే మాట. ఏదీ, చెయ్యి ఇలా తే. అబ్బ, ఇంత చల్లగా ఉందేమిటే. నేను తిట్టను, అన్నం నోట్లో కుక్కను. సూది మాత్రం పట్టను. మీ అమ్మకి చెబుతాను, ఒట్లు వేయించుకోవద్దు. ముగ్గురం కలిసి ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్దాం.

సరేలే... ఆ మిషను మీద గుడ్డ కప్పు.