మార్కెట్టు దాకా చాలు

షెడ్డులో పాత కారు బానెట్ ఎత్తి ఉంది. వెనక సీట్లో రెండు సంచుల మధ్య పిల్ల నిద్రపోతోంది. కారు తెచ్చినావిడ దాని జబ్బు చెబుతుంటే, మెకానిక్ ఆమె ముఖంలోకి చూడకుండానే వింటున్నాడు.

"పొద్దున బుద్ధిగానే స్టార్టవుతుంది. కాస్త తిరిగాక ఆపానంటే గంట దాకా మొండికేస్తుంది. సిగ్నల్ దగ్గరైతే ఒకటే వణుకు."

"వేడి కొలిచే సెన్సారు పోయిందమ్మా. ఇంజను కాలిపోతున్నా చల్లగా ఉందనే చెబుతుంది. దాంతో పెట్రోలు ఎక్కువైపోతుంది."

"మా ఆయన మూడుసార్లు తెచ్చారు. మీకు అంతుపట్టలేదన్నారు."

"మొదటిసారే పట్టుకున్నాను. కొత్తది వేశాను కూడా. మర్నాడే వచ్చి అది తీయించి, పాతదే పెట్టించారు."

"ఎందుకని?"

"'మా ఆవిడ మార్కెట్టు దాకా వెళ్లొస్తే చాలు' అన్నారు. నేనూ సరేనన్నాను. తప్పు నాదీ ఉంది."

ఆమె వెనక సీట్లోని సంచుల వైపు చూసింది.

"మా అక్క ఊరు ఆరుగంటల దారి. పెట్రోలు కోసం మధ్యలో ఆపక తప్పదు."

"ఆ కొత్తది నా సొరుగులోనే ఉంది. పావుగంట కూర్చోండి."

అతను పానా అందుకునేలోపే బల్ల మీద అతని ఫోను మోగింది. తెర మీద ఆమె భర్త పేరు. మెకానిక్ ఒక చేత్తో ఫోను ఎత్తి, ఇంకో చేత్తో సొరుగు లాగాడు.

"ఆ, బండి ఇక్కడే ఉంది సార్. మళ్లీ మొరాయించింది. సాయంత్రం దాకా కదలదు."

"మంచిది, అలాగే ఉండనీ" అంటూ అవతల భర్త నవ్వడం ఆమెకూ వినిపించింది.