నూట అరవై అక్షరాల క్షమాపణ

2006. మల్కాపురంలో కెమిస్ట్రీ మాస్టారుగా పదవీ విరమణ చేసిన శ్రీరామ్మూర్తి ఇంటి వరండా. పక్కన ఇంటర్ చదివే మనవరాలు హరిచందన, ఆమె చేతిలో సెల్‌ఫోను.

“మళ్లీ చూడు.”

“ఇందాకే చూశాను తాతయ్యా.”

“ఇందాక చూసింది ఇందాకటిది. ఇప్పుడు చూడు.”

“ఏమీ రాలేదు. నిన్న వచ్చిన రిప్లై ఒక్కటే ఉంది. ‘కె’ అని.”

“కె అంటే నాకు తెలిసింది పొటాషియం. గవర్రాజుకి పొటాషియంతో ఏం పని?”

“అబ్బా, కె అంటే ఓకే. సరే అని.”

“ఓకే అన్నదే రెండక్షరాలు. అందులోనూ ఒకటి కోసేశాడా?”

“అందరూ అలాగే పంపుతారు.”

“ఇరవై ఏళ్లు మన పక్కింట్లో ఉన్నవాడు. పదకొండేళ్లుగా నా మొహం చూడనివాడు. ఇంకాసేపట్లో ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నవాడు. నేను అంత చెబితే, కె అంటాడా?”

“పదకొండింటికి కదా ఆపరేషన్? నువ్వే ఫోన్ చెయ్యి, పోనీ.”

“చెయ్యను. చేస్తే, నన్ను క్షమించు అని పీక మీద కూర్చున్నట్టు. దువ్వాడలో వాడి గృహప్రవేశం రోజున వందమంది విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా, గుమ్మం ఏ దిక్కున ఉందో గాలికి తెలియదయ్యా అని వాడి వాస్తు మీద నవ్వింది నేను.”

“కరెక్టే కదా అది.”

“కరెక్టే. ఆ మాట తప్పు కాదు, ఆ రోజున అనడం తప్పు. పోర్టులో ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపి కట్టుకున్న ఇల్లది. క్షమించానన్నది వాడి నోటంట రావాలి. మధ్యాహ్నానికి స్వరపేటిక తీసేస్తారు, ఇంక ఆ నోట మాట ఉండదు. అందుకే కదా, ఒక్కసారి ఫోన్ చేస్తే చాలు, ఆటో ఎక్కి వచ్చేస్తానని రాయించాను.”

“ఊఁ.”

“రాశావు కదా?”

“రాశాను. మెయిన్ మ్యాటర్ రాశాను.”

“మెయిన్ మ్యాటర్ అంటే?”

“సారీ అని.”

“తరవాత?”

“సారీ గవర్రాజూ, ఆల్ ద బెస్ట్, టేక్ కేర్.”

“తరవాత?”

“అంతే.”

“నేను పావుగంట చెప్పానే. నువ్వు ఊఁ ఊఁ అంటూ నొక్కుతూనే ఉన్నావు.”

“ఒక మెసేజ్‌లో నూట అరవై అక్షరాలే పడతాయి తాతయ్యా. నువ్వు చెప్పింది ఐదారు మెసేజ్‌లయ్యేది. అంత పొడుగుది ఎవరూ చదవరు. అందుకని… షార్ట్ చేశాను.”

“ఫోన్ చెయ్యమన్న మాట?”

“అది కూడా అందులోనే పోయింది.”

“చందనా. ఆ ఒక్క మాట.”

“సారీ అని పెడితే తనే చేస్తాడు కదా అనుకున్నాను. మా ఫ్రెండ్స్‌లో ఎవరు సారీ పెట్టినా అరనిమిషంలో కాల్ వస్తుంది.”

“సారీ అన్నది మేము రైల్లో పక్కవాడి కాలు తొక్కితే అంటామే.”

“తిట్టు తాతయ్యా.”

“తిట్టి ఏం చేస్తాను. టైమెంత?”

“పది నలభై.”

“నంబరు నొక్కు. స్పీకర్ పెట్టు.”

“అలో.”

“గవర్రాజూ…”

“నాను జగ్గారావునండి, గవర్రాజు బావమరిదిని. మాస్టారేనా?”

“నేనే. ఫోను ఒక్కసారి వాడికియ్యి.”

“ఏటి మాస్టారూ, ఇప్పుడా? లోపలికి తీసుకెల్లిపోనారు. ఐదు నిమిషాలవనేదు.”

“పదకొండు అన్నారు కదా.”

“పెద్ద డాక్టరుగోరు బేగి వచ్చీసినారు. ఈపాటికి మత్తిచ్చీసుంటారు.”

“తలుపు కొట్టి అడిగితే…”

“కొడితే తీత్తారేటండి? ఒక్క ఫోను సెయ్యనేకపోనారా? మా బావ నిన్నట్నించీ సెల్లు ఒల్లో ఎట్టుకునే ఉన్నాడు.”

“నా మెసేజ్ చూశాడా?”

“మనవడు సందీప్‌గాడు సదివి ఇనిపించినాడు. మా బావ నవ్వినాడు. ‘శ్రీరామ్మూర్తి అంత పొట్టిగా ఆపీసే మనిషి కాడ్రా. ఇది మొదలు. మిగతాది ఫోన్లో సెప్తాడు, సూడు’ అన్నాడు.”

“మరి ఆ కె ఎవరు పంపారు?”

“ఏ కే? సందీప్‌గాడు నొక్కుంటాడు. ఆడు అందరికీ అదే నొక్కుతాడు.”

“గవర్రాజే నాకు చెయ్యొచ్చు కదా జగ్గారావూ. నేనూ నిన్నట్నుంచీ ఇక్కడే కూర్చున్నాను.”

“నానూ అన్నాను. తల అడ్డంగా ఊపినాడు. పదకొండేల్లు ఆగినోన్ని, ఇంకో పూట ఆగనేనా అన్నట్టు.”

“నోటితో ఏమీ అనలేదా?”

“అదే కదండీ. సందీప్‌గాడితో అన్న మాటే ఆకరు మాట. పిల్లల్తోటి మాటాడనేదు, మా అక్కతోటి మాటాడనేదు. మంచినీల్లు కావాలన్నా కాయితమ్మీదే రాసినాడు. స్ట్రెచరెక్కేటప్పుడు మా అక్క ఏడిసింది, ‘ఒక్కమాటు నన్ను పేరెట్టి పిలవయ్యా’ అని. దానికీ కాయితమే రాసిచ్చినాడు.”

“ఏమని?”

“‘నాలుగు మాటలాడితే గొంతు పడిపోతంది. ఉన్న గొంతు శ్రీరామ్మూర్తి కోసం దాసినాను’ అని.”